ప్రేమకుమారి క్లోజప్

యూసుఫ్‌గూడలో ప్రేమకుమారి ఇల్లెక్కడ అని అడిగితే తెల్లమొహం వేస్తారు గానీ, పెళ్ళిసీను ఆంటీ ఇల్లు అంటే ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కన పెట్టి మరీ దారి చూపిస్తాడు. సినిమాలో పెళ్ళి జరిగితే అక్షింతలు వేసే గుంపులో ఆవిడ. చావు జరిగితే కొంగు నోట్లో కుక్కుకునే గుంపులో ఆవిడ. హీరో బస్సెక్కితే వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని ఆవిడ. నరసాపురం నుంచి కాపురానికి వచ్చిన కొత్తల్లో సరదాగా మొదలైన పని, షూటింగు వ్యాను నడిపే భర్త ఏసుకుమార్ పోయాక కూడు పెట్టే పని అయింది. ఇన్నేళ్ళూ కెమెరా ఆవిడ మీదికి రావడమూ ఆగకుండా పక్కకి పోవడమే. ఆగితే పెళ్ళికూతురి మీద ఆగాలి గానీ అక్షింతలు వేసేవాళ్ళ మీద ఎందుకాగుతుంది?

"నాకేం ఆశ లేదమ్మా, నాలుగు మెతుకులు దొరికితే చాలు" అని అందరితో అనేది. అదంతా పైమాట. తను చేసిన సినిమా టీవీలో వస్తుంటే పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుని, "అదుగో, అదుగో నా భుజం" అని కూతురికి చూపించేది. చూపించేలోపు భుజం వెళ్ళిపోయేది.

ఆ కూతురు జెరూష. తనూ సినిమాల్లోనే పనిచేస్తుంది, కాకపోతే ఏసీ గదిలో. ఫిల్మ్‌నగర్‌లో అచ్యుతరామయ్య గారి స్టూడియోలో అసిస్టెంట్ కలరిస్టు. కెమెరాలోంచి వచ్చిన బొమ్మ ఎన్నోసార్లు ఉతికిన నూలుచీరలా వెలిసిపోయి ఉంటుంది. దానికి రంగూ వెలుగూ నీడా దిద్ది, తెరకి ముస్తాబు చేసి పంపడం వాళ్ళ పని. పెద్ద కలరిస్టు సాయిశ్రీనివాస్ దగ్గర ఆ విద్య నేర్చుకుంటోంది. తల్లి చర్చిలో ఈ ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు మాత్రం "మా జెరూష సినిమాలకి రంగులేస్తది" అని ఒక్క ముక్కలో తేల్చేసేది.

కిందటి చలికాలం వికారాబాద్ వైపు ఒక షూటింగుకి వెళ్ళిన ప్రేమకుమారి మర్నాడు పొద్దున దగ్గుకుంటూ ఇల్లు చేరింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జెరూష జ్వరమేమో అని నుదురు పట్టుకుని చూడబోతే చెయ్యి తోసేసింది.

"జ్వరం కాదే, పొగ. సెట్టంతా పొగ కొట్టి చంపారు. అది కాదు గానీ ఇటు కూర్చో. నాకు క్లోజప్ పెట్టారే!"

జరిగిందేమిటంటే, కరెంటు పోయిన పోలీస్‌స్టేషన్ అరుగు మీద లాంతరు పక్కన ఒక తల్లి కూర్చుని ఉండాలి. కొడుకు కనబడకుండా పోయాడు. హీరో లోపలికి వెళ్ళబోతుంటే ఆవిడ తలెత్తి, మావాడిని చూశావా అని అడగాలి. ఆ వేషానికి అనుకున్న నటి రాలేదు. మొదటి సినిమా తీస్తున్న కుర్ర దర్శకుడు రిత్విక్, గుంపులో అటూ ఇటూ చూసి, "ఆ చివర కూర్చున్న ఆంటీని పిలవండి" అన్నాడట. కెమెరా ఆవిడ మొహానికి మూరెడు దూరంలోకి వచ్చి ఆగిందట. ఆగి, ఉందట.

"అంత దగ్గర పెట్టారే. నా ముక్కు మీద మచ్చ కూడా పడి ఉంటది. నీళ్ళు పెట్టుకోమన్నారు, గ్లిజరిన్ తెచ్చే లోపే వచ్చేశాయి నాకు. మీ డాడీ గుర్తొచ్చాడు."

 తల్లి మొహంలో అంత వెలుగు జెరూష ఎప్పుడూ చూడలేదు, తన ఇంటర్ రిజల్టు వచ్చిన రోజు కూడా చూడలేదు.

కొన్నాళ్ళకి ప్రొడక్షన్ వాళ్ళు ఫోను చేసి, ఆ డైలాగు వేరే ఆవిడ చేత చెప్పిస్తున్నామన్నారు. పాత్రది తాండూరు పక్క పల్లె, ప్రేమకుమారిదేమో గోదావరి యాస. కథకి అతకదు. విన్నాక ఆవిడ కాసేపు పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చుని, తలెత్తి అంది: "పోనీలే. గొంతు నాది కాకపోతే ఏం, మొహం నాదేగా."

ఇక అక్కడ పట్టుకుంది. చర్చిలో స్త్రీల కూడిక అయిపోగానే క్లోజప్ కథ. కూరల బండి దగ్గర క్లోజప్ కథ. సినిమాలంటే సాతాను పని అని ఇన్నేళ్ళూ ముక్కు విరిచిన హెలెన్ పెద్దమ్మ, ప్రేమకుమారి తోడబుట్టిన అక్క, "సినిమా వచ్చినప్పుడు చెప్పవే, చూసి ప్రార్థన చేసుకుంటాలే" అనే దాకా వచ్చింది.

ఆ సినిమా తిరిగి తిరిగి అచ్యుతరామయ్య గారి స్టూడియోకే వచ్చింది. ఆ తల్లి తన తల్లేనని జెరూష అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే సొంతవాళ్ళ మీద ఎక్కువ వెలుగేస్తుందని ఆ రీలు తన చేతిలోంచి లాగేసుకుంటారని భయం. ఎవరికీ తెలియకుండా అమ్మకి ఒక చిన్న బహుమతి ఇద్దామనుకుంది. మనం ఒకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తుందంటారు గానీ, ఇందులో పాపం దైవం చేసిందేమీ లేదు.

అచ్యుతరామయ్య గారికో నియమం ఉంది. సినిమా పని మొదలయ్యే రోజున రంగులు దిద్దే మిషన్ ముందు కొబ్బరికాయ కొట్టి, మానిటర్ అంచుకి పసుపు రాసి బొట్టు పెట్టి, క్యాబినెట్‌కి నిమ్మకాయ మిరపకాయలు కడతారు. పని అయిపోయిన రోజున గుమ్మడికాయ కొడతారు. ఈ కాయకీ ఆ కాయకీ మధ్య మిషన్ సెట్టింగుల్లో ఎవరూ వేలు పెట్టకూడదు. "పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురమ్మా అది, మధ్యలో లేపకూడదు" అనేవాడాయన. మాట చాదస్తంగా ఉన్నా వెనక కొంత న్యాయం లేకపోలేదు. ఒకప్పుడు ఎవరో తెలివిమంతుడు సగం సినిమాలో సాఫ్ట్‌వేర్ మార్చేసి, ముందు సగం ఒక రంగు, వెనక సగం ఒక రంగు చేసిపెట్టాడు. జెరూష నిమ్మకాయల్ని నమ్మదు. ఆ నియమాన్ని మాత్రం మిగతావాళ్ళకంటే ఒక పాలు ఎక్కువే పాటించేది. చర్చికి వెళ్ళే పిల్ల కాబట్టి లెక్కచేయలేదు అనే మాట పడకూడదని.

ఆ సినిమా సగంలో ఉండగా మిషన్‌లో బొమ్మని మానిటర్‌కి పంపే గ్రాఫిక్స్ కార్డు కాలిపోయింది. పెద్ద ప్రొజెక్టర్ ఉన్న గదిలో ఒక పెద్ద హీరో సినిమా నడుస్తోంది, అందులోకి వీళ్ళకి ప్రవేశం లేదు. వీళ్ళది చిన్న గది, మిషన్‌కి నేరుగా తగిలించిన ఒక మానిటరు. సర్వీసు మనిషి వచ్చి కొత్త కార్డు పెట్టి, దానికి కావలసిన డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసి, బొమ్మ రాగానే వెళ్ళిపోయాడు. అచ్యుతరామయ్య గారు మళ్ళీ ఒక కొబ్బరికాయ తెప్పించి కొట్టారు. కొత్త నిమ్మకాయ కట్టారు. మిషన్‌కి శాస్త్రోక్తంగా జరగాల్సినవన్నీ జరిగాయి.

జరగనిది ఒక్కటే. ఆ మిషన్‌లో నడిచేది లినక్స్. కార్డుకీ మానిటర్‌కీ మధ్య మాట మోసే డ్రైవర్, ఏ కంపెనీ సొత్తూ కాకుండా ప్రపంచంలో నలుమూలలా ఉన్నవాళ్ళు కలిసి రాసి, అందరికీ వదిలేసినది. మంచి డ్రైవరే. అయితే టీవీల వాళ్ళకో ఆచారం ఉంది, కంప్యూటర్ల వాళ్ళకో ఆచారం ఉంది. కంప్యూటర్ లెక్కలో నలుపు సున్నా దగ్గర మొదలవుతుంది, టీవీ లెక్కలో పదహారు దగ్గర. ఎవరి లెక్క వాళ్ళకి సరైనదే. డ్రైవర్ టీవీ లెక్కలో పంపుతుంటే మానిటర్ కంప్యూటర్ లెక్కలో చదువుకుందనుకోండి, గజాల్లో చెప్పిన కొలతకి మీటర్లలో గుడ్డ కత్తిరించినట్టే. నలుపు బూడిదరంగులోకి తేలిపోతుంది. ఏ లెక్కలో పంపాలో మనం ఖాయంగా చెప్పి ఉంచొచ్చు, పాత కార్డుకి సాయిశ్రీనివాస్ ఎప్పుడో చెప్పి ఉంచాడు కూడా. కొత్త డ్రైవర్‌కి ఎవరూ చెప్పలేదు. అది తీగ చివర పెద్ద తెరని చూసి, టీవీ కాబోలనుకుని, టీవీ లెక్క మొదలుపెట్టింది.

పోలీస్‌స్టేషన్ సీను తెరవగానే జెరూషకి ఏదో తేడాగా అనిపించింది. అమ్మ మొహం మానిటర్ నిండా ఉంది. లాంతరు మసక వెలుగు ఒక బుగ్గ మీద పడీ పడనట్టుంది. వెనక చీకటి మాత్రం చీకటిలా లేదు, పలచని బూడిద కప్పినట్టుంది.

"సార్, నలుపు నలుపుగా లేదు" అంది.

సాయిశ్రీనివాస్ కుర్చీ వెనక్కి వాల్చి చూశాడు. "అది పొగ జెరూషా. రాత్రి సీన్లకు సెట్ల మస్తు పొగ గొట్టిండ్రంట. కెమెరామెన్ నాకు ముందుగాల్నే చెప్పిండు. పొగ ఉంటే నలుపు నల్లగెట్లుంటది?"

ఆ పొగ సంగతి ఆమెకి అతనికంటే బాగా తెలుసు. కళ్ళెర్ర చేసుకుని దగ్గుతూ ఇంటికి వచ్చిన మనిషి ఆమె ఇంట్లోనే ఉంది. అయినా మనసు ఒప్పుకోలేదు. అతను టీకి వెళ్ళాక డ్రైవర్ సెట్టింగు తెరిచి చూసింది. రంగుల లెక్క దగ్గర 'ఆటోమేటిక్' అని ఉంది. 'ఫుల్' అని, అంటే కంప్యూటర్ లెక్కలోకి, మార్చడానికి ఒక్క వరుస టైపు చేస్తే చాలు. అక్షరాలు కొట్టింది కూడా, ఎంటర్ నొక్కడమే తరువాయి.

"ఏం చేస్తున్నావమ్మాయ్?" తలుపు దగ్గర అచ్యుతరామయ్య గారు.

"ఏం లేదు సార్, సెట్టింగు చూస్తున్నా."

"చూడు, తప్పు లేదు. ముట్టుకోకు. కాయ కొట్టాం కదా."

ఆయన కోపంగా కూడా అనలేదు. నవ్వుతూనే అన్నాడు. జెరూష ఆ వరుస చెరిపేసింది. ఆటోమేటిక్ అంటే దానంతటదే సరిగ్గా చూసుకుంటుంది కదా అనుకుంది. అమ్మ దగ్గు గుర్తొచ్చింది. పొగే, నా అనుమానం గానీ అని సర్దిచెప్పుకుని పనిలోకి దిగింది.

ఆ షాటు మీద పెట్టినంత ప్రాణం ఆమె ఏ షాటు మీదా పెట్టలేదు. లేని పొగని తుడవడానికి నలుపుని కిందికి లాగింది. ఇంకొంచెం లాగింది. చీకటి చిక్కబడి, అందులోంచి అమ్మ మొహం పైకి తేలింది. కంటి కింద ముడతలో నిలిచిన నీటిబొట్టుకి కొంచెం మెరుపు వదిలింది. ముక్కు మీద మచ్చ చెరపలేదు. సాయిశ్రీనివాస్ వచ్చి చూసి, "ఆహా! పెయింటింగ్ లెక్కుంది. ఎవరామె? మస్తు జేసింది" అన్నాడు. జెరూష నోటిదాకా వచ్చింది, మింగేసింది. ఫోన్లు తలుపు దగ్గర పెట్టెలో వేసి రావాలి గనుక ఫోటో తీసుకునే వీలు కూడా లేదు. ఇంటికి వెళ్ళి, "చూస్తావుగా మమ్మీ" అని మాత్రం అంది.

గుమ్మడికాయ కొట్టారు. ప్రొడ్యూసర్ మనుషులు డిస్కులన్నీ తీసుకుపోయారు. విడుదలకి ముందు రోజు మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లోనే ఒక చిన్న ప్రివ్యూ థియేటర్లో షో వేశారు. జెరూష వెనక వరసలో కూర్చుంది. ముందు సగం చక్కగా నడిచింది. రాత్రి సీన్లు మొదలయ్యేసరికి తెర మసిబారినట్టయింది. పోలీస్‌స్టేషన్ వచ్చింది. లాంతరు చిమ్నీ కనబడింది. చీర అంచు ఒక గీతలా కనబడింది. మొహం ఉండవలసిన చోట ఏమీ లేదు, ఉట్టి నలుపు. ఆ నలుపులోంచి ఎవరిదో గొంతు, "మా పోరన్ని జూసినవా బిడ్డా?" అని అడిగింది.

 జెరూష షో అవకుండానే బయటపడి స్టూడియోకి పరిగెత్తింది. మిషన్ పెట్టి, అందులో ఇంకా చెరగకుండా మిగిలిన ఆ షాటు తెరిచి, నలుపుని కిందికి లాగిన తన దిద్దుబాటు తీసేసి, ఆ ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కింది. రెప్పపాటులో మానిటర్ మీద బూడిద విడిపోయి నలుపు నలుపులా నిలబడింది. సెట్లో కొట్టిన పొగ ఆ షాటులో పడనే లేదు, బూడిదంతా మానిటర్‌లోనిదే. కెమెరా అమ్మ మొహాన్ని పూర్తిగా, శుభ్రంగా పట్టుకొచ్చింది. ఆ మొహాన్ని తన రెండు చేతులతో తనే నలుపులో ముంచింది.

సాయిశ్రీనివాస్ వచ్చేసరికి ఏడుస్తూ ఉంది. విషయం విని అతను మానిటర్ దగ్గరికి వంగి చూశాడు.

"తప్పు నాది గూడ ఉన్నది" అన్నాడు. "పొగ అని నేనే అంటి. గని ఇప్పుడు ఏం జేద్దాం? కాపీలు థియేటర్లకు పోయినయ్. పొద్దుగాల షో. మల్ల చేసి పంపాల్నంటే డైరెక్టర్ అడగాలె, ప్రొడ్యూసర్ ఒప్పాలె. డైరెక్టర్ అయితే జబర్దస్త్ ఉందని నాకు ఫోన్ జేసిండు. ఎవలకు నష్టం చెప్పు?"

"ఆ షాట్‌లో ఉన్నది మా అమ్మ సార్."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "గిప్పుడు చెప్తవా?" అన్నాడు.  తనే రిత్విక్‌కి ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు.

రిత్విక్ మంచి హుషారుగా ఉన్నాడు. ఎవరో పెద్ద దర్శకుడు ప్రివ్యూ చూసి భుజం తట్టాడట. జెరూష చెప్పిందంతా విని, "అయ్యో, మీ మదరా అండీ? సూపర్‌గా చేశారావిడ" అన్నాడు. "కానీ నిజం చెప్పనా? ఫేస్ కనబడకపోవడమే ఆ షాట్‌కి ప్లస్. నేను తీసినప్పుడు అంత దూరం ఆలోచించలేదు. ఆ చీకట్లో ఆవిడ ఎవరి అమ్మయినా కావచ్చు అనిపిస్తుంది. అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు. ఓటీటీకి కూడా ఇదే ఉంచమని చెప్పేశాను. ప్లీజ్, మీరు ఫీలవ్వకండి."

ఎవరి అమ్మయినా కావచ్చట. జెరూష ఫోను తిరిగి ఇచ్చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేననుకుంది, ఆ ఆకులు కూడా ఎవరో పట్టుకుపోయారు. మర్నాడు ఒక వెబ్‌సైట్, "సహజమైన చీకటిని ధైర్యంగా వాడుకున్న ఛాయాగ్రహణం" అని మెచ్చుకుంది. చేసిన తప్పుకి చీవాట్లు పడ్డా కొంత ఊరట ఉండేది. ఆమెకి అది కూడా దక్కలేదు.

ఇంట్లో చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ప్రేమకుమారి ఏదో ఒక సంబరంలో ఉండేది. శనివారం మ్యాట్నీకి స్త్రీల కూడిక వాళ్ళందరికీ టికెట్లు తీసేసింది. ఎర్రగడ్డ దగ్గర పాత థియేటరు, మెట్రో దిగితే నడిచిపోవచ్చు. ఈస్టర్‌కి కొన్న చీర ఇస్త్రీకి ఇచ్చింది.

"మమ్మీ, సినిమా అంత బాలేదంట" అంది జెరూష.

"బాలేకపోతే నాకేంటే? నేనున్నానుగా అందులో."

"రాత్రి సీన్లు మరీ చీకటిగా ఉన్నాయంటున్నారు."

"రాత్రన్నాక చీకటి కాక ఎండ కాస్తదా? పిచ్చిదానా!" అని నవ్వేసింది. ఆ నవ్వు మీద నీళ్ళు చల్లడానికి జెరూషకి చెయ్యి రాలేదు. రేపు చెబుదాం అనుకుంది, పొద్దున చెబుదాం అనుకుంది, శనివారం వచ్చి కూర్చుంది.

థియేటర్లో ఒక వరసంతా వాళ్ళే. నడుమ ప్రేమకుమారి, ఒక పక్క జెరూష, ఇంకో పక్క హెలెన్ పెద్దమ్మ. విశ్రాంతి దాకా పెద్దమ్మ, "ఏదే? ఇంకా రావేంటే?" అని మోచేత్తో పొడుస్తూనే ఉంది. "వస్తా వస్తా, సెకండాఫ్‌లో నేను" అని ప్రేమకుమారి పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ ఉంది. జెరూష వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ గది వైపు చూసింది. లేచి వెళ్ళి ప్రొజెక్టర్ ఆపేస్తే? కరెంటు పోతే? చిన్నప్పుడు పరీక్ష రోజున వాన పడాలని చేసినట్టు ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన అప్పుడూ పనిచేయలేదు.

తెర నల్లబడింది. కింది వరసల్లో ఎవడో ఈల వేసి, "అన్నా, జర లైటెయ్యిండ్రి!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. లాంతరు కనబడింది. ప్రేమకుమారి ముందుకి వంగింది. కుర్చీ చెయ్యి పట్టుకున్న ఆవిడ వేళ్ళు బిగుసుకోవడం జెరూషకి తెలిసింది. నల్లటి తెర ఆగింది. ఆగి, ఉంది. "మా పోరన్ని జూసినవా బిడ్డా?" అని గొంతు వినబడింది. హీరో లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇదేంటే, ఏం కనబడి చావదు?" అంది పెద్దమ్మ. "నీది ఇంకా రాలేదా?"



"ఇంకా రాలేదక్కా" అంది ప్రేమకుమారి. "ముందుంది."

జెరూష తల తిప్పి చూసింది. తల్లి ఆమె వైపు చూడలేదు, తెర వైపే చూస్తోంది. ఆ అరుగు, ఆ లాంతరు, ఆ చీర అంచు ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటాయి? ఆ తర్వాత ఫైట్లు వచ్చాయి, పాట వచ్చింది, విలన్ చచ్చాడు. ఎవరైనా ముసలావిడ తెర మీదికి వచ్చినప్పుడల్లా వరసంతా మెడలు సాచడం, కాదని వెనక్కి వాలడం. ప్రేమకుమారి కూడా వాళ్ళతో పాటే మెడ సాచింది. ఆ నటన ముందు జెరూష కూర్చోలేకపోయింది, లేవలేకపోయింది.

పేర్లు పడుతుంటే జనం లేచి పోతున్నారు. ప్రేమకుమారి మాత్రం అందర్నీ కదలనివ్వలేదు. చీమల బారులా పోతున్న అక్షరాల్లో కలరిస్టు సాయిశ్రీనివాస్ అని, దాని కింద అసిస్టెంట్ జెరూష అని వచ్చి పోయింది. "అదుగో మా పిల్ల!" అని అరిచి చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళంతా కొట్టారు.

"మరి నువ్వో?" అంది పెద్దమ్మ.

"తీసేసినట్టున్నారక్కా. నిడివి ఎక్కువైతే కత్తిరించేస్తారు. మామూలే మాకు."

"ఇందుకేనే ఈ సినిమావాళ్ళని నమ్మకూడదు అనేది! పోన్లే ఊరుకో. దేవుడు చూశాడు నీ క్లోజప్పు" అని పెద్దమ్మ చెల్లెలి వీపు నిమిరింది. మిగతావాళ్ళు తలా ఒక ఓదార్పు మాట అని మెట్రో వైపు వెళ్ళిపోయారు.

తల్లీకూతుళ్ళు బస్సు కోసం ఎర్రగడ్డ మార్కెట్టు పక్కన నిలబడ్డారు. ఎండ ఇంకా తగ్గలేదు. ఉల్లిపాయల లారీలోంచి బస్తాలు దింపుతున్నారు. కాసేపయ్యాక ప్రేమకుమారి అడిగింది.

"ఆ చీకటి కెమెరా వాళ్ళు పెడతారా, మీరు పెడతారా?"

 "నేనే పెట్టా మమ్మీ" అంది జెరూష.

అని, ఆపుకోలేక అంతా చెప్పేసింది. కార్డు కాలిపోవడం, డ్రైవర్ టీవీ అనుకోవడం, సున్నా, పదహారు, ఆటోమేటిక్, కొట్టి చెరిపేసిన వరుస, కొబ్బరికాయ. చెబుతుంటే తనకే అవి పిచ్చిమాటల్లా వినబడ్డాయి. ప్రేమకుమారికి అందులో ఎంత అర్థమైందో గానీ మధ్యలో ఆపకుండా వింది.

"ఈ ముక్క ఎవరితోనూ అనకు" అంది అంతా విన్నాక. "తీసేశారనే అనుకోనీ అందర్నీ. మీ పెద్దమ్మకి తెలిస్తే సంఘమంతా చాటుతుంది, కూతురే తల్లిని మసి చేసిందని. నీ పేరు ఇప్పుడిప్పుడే తెర మీదికి వచ్చింది."

"నన్ను తిట్టు మమ్మీ."

"తిడితే ఏమొస్తదే?" ఆవిడ ఇస్త్రీ నలగకుండా కొంగు సర్దుకుంది. బస్సు వస్తోందేమోనని అటు చూసి, మళ్ళీ కూతురి వైపు తిరిగింది. గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు అడిగింది.

"మీ గదిలో కనబడ్డానా నేను?"

"కనబడ్డావు."

"మొహమంతానా?"

"అంతా."

"ఎలా ఉన్నానే?"

ఆ మొహాన్ని లోకంలో సరిగ్గా చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అందులో మనసు పెట్టి చూసింది తనొక్కతే. బుగ్గ మీద లాంతరు వెలుగు ఎక్కడ ఆగిందో, ఏ ముడతలో నీళ్ళు నిలిచాయో, ఆ కళ్ళు ఎవరి కోసం వెతికాయో చుక్కచుక్కా తెలిసిన మనిషి జెరూష. చెప్పాలని నోరు తెరిచింది. ఒక్క మాట కూడా కుదరలేదు.

"బాగున్నావు మమ్మీ" అంది.

ప్రేమకుమారి ఇంకా ఏమైనా వస్తుందేమోనని ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది.

"అంతేనా?" అంది.